తాండూరు కంది పేరు ఎక్కడ జారిపోతోంది?

వికారాబాద్ జిల్లా తాండూరు నుంచి లారీలెక్కి బయటికి పోయే సరుకుల్లో మూడు ముఖ్యమైనవి: సిమెంటు, బండలు, కందులు. సిమెంటును పక్కన పెడదాం. దానికి పెద్ద కంపెనీలున్నాయి, ఊరూరా డీలర్లున్నారు, టీవీల్లో ప్రకటనలున్నాయి. వాళ్ల తిప్పలు వాళ్లు పడతారు. ఇవాళ మిగిలిన రెండింటి గురించి, అందులోనూ కంది గురించి మాట్లాడతాను.

మన పట్నాల్లో బండలమ్మే స్థలం దగ్గర ఆగితే ‘తాండూరు బండలు’ అని బోర్డు మీద రాసి ఉంటుంది. నీలం బండ, పసుపుపచ్చ బండ వరసగా నిలబెట్టి ఉంటాయి. ఇల్లు కట్టుకునే ఆయన మేస్త్రీతో, ‘కింద తాండూరు పరిపిద్దామా, టైల్స్ వేయిద్దామా’ అంటాడు. ఊరి పేరే సరుకు పేరైపోయింది. అదే ఊరి చుట్టుపక్కల నల్లరేగడిలో పండిన కంది మాత్రం మన వంటింటి డబ్బాలోకి చేరేసరికి ఒట్టి కందిపప్పు అయిపోతుంది. ఏ చేనుదో, ఏ ఊరిదో తినేవాళ్లకు తెలియదు.

బండ పేరు నిలబడటంలో పెద్ద మర్మమేమీ లేదు. గనిలోంచి తీసిన పలక పాలిషింగ్ యూనిట్‌లో కోతపడి, నునుపు తేలి, లారీ ఎక్కిందంటే మళ్లీ దిగేది అమ్మేవాడి స్థలంలోనే. మధ్యలో దాని రూపం మారదు. ఇంకో ఊరి బండతో దాన్ని కలపడం కుదరదు. చేతులు తక్కువ, మార్పులు తక్కువ, కనుక పేరు జారిపోయే సందు కూడా తక్కువ. కంది అలా కాదు. అది చేతులు మారుతుంది, రూపం మారుతుంది, పక్క జిల్లాల సరుకుతో, వేరే దేశాల సరుకుతో కూడా కలుస్తుంది. సరుకును పండించినవాడి దగ్గర నుంచి తినేవాడి దాకా చేర్చే ఈ దారినే మార్కెటింగ్ పాఠాల్లో పంపిణీ వ్యవస్థ అంటారు. దాన్ని ఎలా కట్టుకోవాలి, కట్టుకున్నాక ఎలా నడుపుకోవాలి అనేదే ఇవాళ్టి విషయం.

తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగు, దక్కింది. అదే విడతలో అస్సాం గమోసాకు, లడఖ్ ఆప్రికాట్‌కు, మహారాష్ట్రలోని అలీబాగ్ తెల్ల ఉల్లిగడ్డకు కూడా వచ్చింది. మన కంది కోసం దరఖాస్తు పెట్టుకున్నది యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. ఈ గుర్తింపు ఊరికే రాలేదు. ఈ ప్రాంతపు నల్లరేగడిలో అట్టాపల్గైట్ అనే బంకమట్టి ఖనిజం బాగా ఉంది, కింద సున్నపురాయి పరచుకుని ఉంది. పంట వానాధారం. గింజలో మాంసకృత్తులు 22 నుంచి 24 శాతం. బియ్యంలో ఉండేదానికి సుమారు మూడింతలు. పప్పు బాగా ఉడుకుతుందనీ, ఎక్కువ కాలం నిలవ ఉంటుందనీ పేరు. తమాషా ఏమిటంటే, బండకు పేరు తెచ్చిన సున్నపురాయికే పప్పు రుచిలోనూ వాటా ఉందన్నమాట.

మరి ట్యాగు వచ్చాక ఏమైంది? మొన్న వికారాబాద్‌లో ఒక కిరాణా దుకాణంలో అడిగాను: ‘అన్నా, తాండూరు పప్పుందా?’ అని. ఆయన గన్నీ సంచి మూతి విప్పి పిడికెడు పప్పు నా అరచేతిలో పోశాడు. ‘పప్పు మస్తుగుంటది సార్, తీస్కపోండ్రి. తాండూరుదా కాదా అంటే నేనేం జెప్పాలె? పట్నం గంజ్ నుంచి ఒచ్చింది’ అన్నాడు. వికారాబాద్‌కూ తాండూరుకూ మధ్య నలభై కిలోమీటర్ల దూరం. రైలెక్కితే గంట పట్టదు. అయినా పప్పు హైదరాబాద్ పోయి తిరిగి రావలసి వచ్చింది; అదీ తాండూరుదే అయితే! ఆ దుకాణదారు తప్పు ఇందులో రవ్వంత లేదు. ఆయనకు సరుకు ఎక్కడ ఉద్దెరకు దొరికితే అక్కడే కొంటాడు.

ఈ ఉద్దెర అన్న మాటను గుర్తుపెట్టుకోండి. దారి మొత్తం నడిచేది దాని మీదే.

సంక్రాంతి వెళ్లాక మార్కెట్ యార్డులో ఒక పూట నిలబడితే పేరు జారిపోయే జాగా కళ్లముందే కనబడుతుంది. రైతు కందులు అడ్తిదారు దుకాణం ముందు కుప్ప పోస్తాడు. ఖరీదుదారు వచ్చి కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి గింజ తీస్తాడు, ఎందుకంటే పైన పోసింది ఎప్పుడూ మంచిదే. అరచేతిలో దొర్లించి తాలు ఎంతుందో, మట్టిపెళ్ల ఎంతుందో చూస్తాడు. రెండు గింజలు పంటి కింద వేసి కొరుకుతాడు. టక్కున విరిగితే ఆరిన సరుకు, మెత్తగా నలిగితే తేమ ఉన్నట్టు. తేమ కొలిచే మిషను ఉన్నా పంటి మీద నమ్మకం పోలేదు. ధర తేలాక హమాలీలు సంచులు నింపుతారు, కాంటా అవుతుంది, తక్‌పట్టీ రాస్తారు. ఆ కాగితం మీద రైతు పేరుంటుంది, ఊరుంటుంది: యాలాల, బషీరాబాద్, పెద్దేముల్. ఎన్ని సంచులు, ఎంత తూకం, ఏ ధర, హమాలీ ఎంత, అన్నీ ఉంటాయి. ఆ కాగితం రైతు జేబులోకి పోతుంది. సంచి ఖరీదుదారు గోదాములోకి పోతుంది. ఊరి పేరు కాగితంతోపాటు ఇంటికి వెళ్లిపోయింది; సరుకుతోపాటు వెళ్లలేదు.

అక్కడి నుంచి దాల్ మిల్లు. మిల్లు యజమానికి కావలసింది సంచి సంచికీ తేడా రాని పప్పు. రంగు ఒక్కతీరుగా ఉండాలి, పలుకు సైజు కలవాలి. అందుకని నాలుగు చోట్ల కందులు కలుపుతారు. కలబురగి కంది, మహారాష్ట్ర కంది, బర్మా నుంచి, ఆఫ్రికా నుంచి దిగిన కంది. మొజాంబిక్ నుంచి కందులు తెచ్చుకోవడానికి మన ప్రభుత్వం 2016లో ఒప్పందమే చేసుకుంది. కలపడం మోసమని నేను అనను. అది మిల్లు వ్యాపారపు స్వభావం. అయితే కలిపిన పప్పు మీద ఊరి పేరు రాస్తే మాత్రం మోసమే. మిల్లు తర్వాత పట్నం గంజ్‌లోని హోల్‌సేల్ వ్యాపారి, ఆ తర్వాత చిల్లర దుకాణం, కాదంటే సూపర్ మార్కెట్. ప్యాకెట్ చేసినవాడు తన బ్రాండు పేరు వేసుకుంటాడు. చివరగా సంచి కట్టినవాడిదే పేరు. ఈ వ్యాపారంలో అసలు కిటుకు ఇదే అని నా అభిప్రాయం.

ఇంతా విని, ‘మధ్య దళారులను తీసేస్తే సరి’ అనేవాళ్లుంటారు. వేదికల మీద ఈ మాటకు చప్పట్లు బాగా పడతాయి. మార్కెటింగ్ చదువుల్లో మాత్రం ఒక పాత సూత్రం ఉంది: మధ్యవర్తిని తీసెయ్యవచ్చు, అతను చేసే పనిని తీసెయ్యలేం. అడ్తిదారు ఏం చేస్తున్నాడో చూడండి. జూన్‌లో విత్తనానికీ, ఎరువుకూ రైతుకు డబ్బు సర్దుతున్నాడు. ఆ అప్పు వల్లే రైతు జనవరిలో ఇంకో గడప తొక్కలేకపోతున్నాడన్న మాటా నిజమే. హోల్‌సేల్ వ్యాపారి లారీ లోడు కొని పది సంచులు, ఐదు సంచులుగా విడగొట్టి చిల్లర దుకాణాలకు ఉద్దెరకు ఇస్తున్నాడు. పంట ఒక్క రెండు నెలల్లో వస్తుంది, పప్పు పన్నెండు నెలలూ తింటాం. ఆ మిగతా పది నెలలు సరుకును పుచ్చు పట్టకుండా దాచిపెట్టి, డబ్బు ఇరికించుకుని కూచునేది ఎవరో ఒకరుండాలి. రైతుల కంపెనీ ఆ మనిషి స్థానంలోకి వస్తానంటే రావచ్చు. అతని పనులన్నీ నెత్తికెత్తుకోవాలి.

ఆ పనుల ఖరీదు ఎంతో ఒకసారి లెక్క వేద్దాం. కాగితం, పెన్సిలు దగ్గరుంటే రాసుకోండి. 2025-26 పంటకు కంది మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. క్వింటాలు కందులు ఆడిస్తే మంచి పప్పు 70 కిలోలు చేతికొస్తుందనుకుందాం. కొన్ని మిల్లుల్లో ఇంకొంచెం ఎక్కువే వస్తుంది. పొట్టు, నూక, చునీ పశువుల దాణాకు అమ్మగా వచ్చిన డబ్బును ఆడింపు కూలికి సరిపెడదాం. అంటే పప్పు కిలో అసలు ఖరీదు 114 రూపాయలు పడింది. కవరు, ముద్రణ, జల్లెడ పట్టి ఏరడం, రవాణా, అక్కడక్కడా పోయే తరుగు, అన్నీ కలిపి కిలోకు 12 రూపాయలు వేసుకోండి. ఇప్పుడు మిత్తి. వంద క్వింటాళ్లు కొంటే ఎనిమిది లక్షలు పెట్టుబడి. జనవరిలో కొన్నది కొద్దికొద్దిగా అక్టోబరు దాకా అమ్ముతాం గనక సగటున నాలుగు లక్షలు పది నెలలపాటు ఇరుక్కుని ఉంటాయి. నూటికి రూపాయి మిత్తి చొప్పున 40,000. ఏడువేల కిలోల మీద పంచితే కిలోకు ఆరు రూపాయలకు కాస్త తక్కువ. మొత్తం 132. పంపిణీదారుకూ, దుకాణదారుకూ కలిపి అమ్మకం ధరలో పదిహేను శాతం వదిలితే ప్యాకెట్ మీద సుమారు 155 వెయ్యాలి. ఇందులో కంపెనీకి లాభం ఇంకా లేదు. రైతుకు మద్దతు ధర కంటే ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వలేదు. మేనేజరు జీతం కూడా లేదు.

ఈ లెక్క చెప్పింది భయపెట్టడానికి కాదు. పక్కన ఊరూ పేరూ లేని పప్పు ఇరవై రూపాయలు తక్కువకు దొరుకుతుంటే ఈ ప్యాకెట్‌ను చేతిలోకి తీసుకునే మనిషి ఎవరో ముందు తేల్చుకోవాలని చెప్పడానికి. పంపిణీ దారి కట్టడం ఆ మనిషి దగ్గర మొదలై వెనక్కి చేను దాకా రావాలి. మనవాళ్లు చేను దగ్గర మొదలుపెట్టి ముందుకు పోతారు. గోదాము కడతారు, మిషన్లు కొంటారు, కవర్లు అచ్చేయిస్తారు, ఆఖరున ‘ఎవరికి అమ్ముదాం’ అని కూచుంటారు.

నన్నడిగితే మొదటి రెండేళ్లు మిల్లు కట్టొద్దు. తాండూరులో మిల్లులున్నాయి. కూలి ఇచ్చి, మన సరుకు విడిగా ఆడించుకుని, అక్కడికక్కడే సంచి కుట్టించుకోవాలి. అప్పుడు కలగలుపు ఆగిపోతుంది, పేరు సంచి మీద నిలుస్తుంది, మిల్లువాళ్లతో వైరం రాదు. తక్‌పట్టీ మీద ఉండే ఊరి పేరును, తూకం తేదీని ఆ సంచి మీదికి ఎక్కిస్తే చాలు, సగం పని అయిపోయినట్టే. ఇంకో మాట. రాష్ట్రమంతా అమ్ముదామన్న ఆశ మానుకోవాలి. వికారాబాద్, తాండూరు, పరిగి పట్టణాల్లో వంద దుకాణాలు, హైదరాబాద్ పడమటి వైపు అపార్టుమెంట్లు కొన్ని. అంతవరకే. వారానికొకసారి ప్రతి దుకాణం తొక్కే మనిషి ఒకడుండాలి. పాత ప్యాకెట్ వెనక్కి తీసుకుని కొత్తది ఇవ్వాలి, పురుగు పడిందంటే వాదించకుండా మార్చాలి, దుకాణదారు పైసలు ఎప్పుడిస్తాడో చూసుకోవాలి. నిర్వహణ అంటే ఇదే, దీని కోసం పెద్ద చదువు అక్కర్లేదు, పెద్ద ఓపిక కావాలి.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. దుకాణంలో 155కు పెట్టిన ప్యాకెట్‌నే ఆన్‌లైన్‌లో 140కి పెడతారు. దుకాణదారుకు తెలియకుండా ఉండదు. మరుసటి వారమే మన ప్యాకెట్లు బల్ల కిందికి పోతాయి. ఏ దారిలో అమ్మినా ఒకే ధర ఉండాలి. కాకపోతే ఆన్‌లైన్‌లో ఐదు కిలోల సంచి, దుకాణంలో కిలో ప్యాకెట్ అని వేరుచేసుకోవాలి.

ప్రభుత్వ కొనుగోలు కూడా ఒక దారే. సహకార సంఘాల దగ్గర కేంద్రాలు పెట్టి, రాష్ట్ర సంస్థ మార్క్‌ఫెడ్ ద్వారా కేంద్ర స్థాయి సంస్థ నాఫెడ్‌కు చేరుస్తారు. దాని విలువ తెలియాలంటే పదేళ్ల వెనక్కి పోవాలి. 2015 చివర్లో కందిపప్పు చిల్లర ధర కిలో 200 రూపాయలకు చేరింది. ఆ ధర చూసి 2016లో దేశమంతా కంది వేసింది, రికార్డు పంట వచ్చింది, దిగుమతులూ వచ్చి పడ్డాయి. బోనసుతో కలిపి 5,050 ఉన్న మద్దతు ధర బయటి మార్కెట్‌లో దక్కక రైతులు కొనుగోలు కేంద్రాల ముందు బారులు తీరారు. అలాంటి ఏడాది ఆ కేంద్రమే దిక్కు. ఐతే నాఫెడ్ గోదాములో తాండూరు కందికీ ఇంకో కందికీ తేడా లేదు. తేమ 12 శాతం లోపుందా, తాలు ఎంతుంది, అంతవరకే చూస్తారు. అది పంటకు అండ, పేరుకు కాదు. పండినదంతా పేరుతో అమ్ముడుపోవాలని పట్టుపట్టకుండా, పంటలో పదోవంతు పేరుతో పోయేట్టు చూసుకుని మిగతాది యార్డుకూ కేంద్రానికీ వదలడం తెలివైన పని.

ప్రభుత్వానికి ఇంకొక దారి చేతిలో ఉంది, అది నాకు వీటన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తోంది. అంగన్‌వాడీలు, గురుకులాలు, మధ్యాహ్న భోజనం. 2015 నుంచి మన తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు రోజూ అన్నం, పప్పు, గుడ్డు, పాలు పెడుతున్నారు. వికారాబాద్ జిల్లా అంగన్‌వాడీ గిన్నెలో ఉడికే పప్పు వికారాబాద్ జిల్లా చేనుది కావడానికి అడ్డమేముంది? టెండరులో ఊరి పేరు రాయడమే. రైతుల కంపెనీకి అక్కడ ప్రకటన ఖర్చు లేదు, దుకాణదారు వాటా లేదు, నెలకెంత కావాలో ముందే తెలుస్తుంది. బిల్లు ఆలస్యం కాకుండా చూస్తే చాలు; ఆ ‘చాలు’ అన్నది చిన్న మాట కాదని రైతు కంపెనీలకు తెలుసు.

పేరు నిలబెట్టుకున్నవాళ్లు మన దగ్గర లేకపోలేదు. ముల్కనూరు సహకార సంఘం 1956 నుంచి నడుస్తోంది. అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారు మొదలుపెట్టిన ఆ సంఘం రైతుకు అప్పు తానే ఇస్తుంది, ధాన్యం తానే కొంటుంది, మిల్లు తానే పట్టిస్తుంది. అప్పు, కొనుగోలు ఒకే చేతిలో ఉన్నాయి గనకే రైతు ఇంకో గడప తొక్కవలసిన పని లేకపోయింది. అదే ఊరి మహిళల డెయిరీ పాలు ‘స్వకృషి’ పేరుతో ఇళ్లకు చేరుతున్నాయి. అటు విశాఖ మన్యంలో గిరిజన రైతుల అరకు కాఫీకి 2017లో పారిస్‌లోనే దుకాణం తెరిచారు. జీఐ గుర్తింపు వచ్చింది 2019లో. అంటే ముందు అమ్మే దారి, తర్వాత ట్యాగు. మనకు ట్యాగు ముందొచ్చింది. దారి ఇంకా కట్టుకోవాలి.

పొరుగున కలబురగి కూడా మనకు పాఠమే. వాళ్ల కందిపప్పుకు 2019లోనే జీఐ వచ్చింది. మన రైతూ వాళ్ల రైతూ ఒకే రైలుమార్గం మీద, ఒకే నల్లరేగడి మీద ఉన్నారు. 1874లో సికింద్రాబాద్ నుంచి వాడి జంక్షన్ దాకా పట్టాలు పడ్డప్పటి నుంచీ ఈ రెండు ప్రాంతాల వ్యాపారం కలిసే నడుస్తోంది. పోటీ తప్పదు. కలబురగి పప్పు తెచ్చి తాండూరు పేరుతో అమ్మినా, ఇటుది అటు పోయినా నష్టపోయేది ఇద్దరూ.

విదేశాల సంగతి ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాను. అమెరికాలో మన పిల్లలు కొనే ప్యాకెట్ మీద ‘తూర్ దాల్’ అని ఉంటుంది, చేను పేరుండదు. 2006 నుంచి 2017 దాకా పప్పుల ఎగుమతి మీద మన దేశంలో నిషేధం ఉండేది, కనుక ఆ దుకాణాలు వేరే దారులు వెతుక్కున్నాయి. ఇప్పుడు తలుపు తెరిచే ఉంది. కానీ పక్కూరి కిరాణా దుకాణంలో దొరకని సరుకును డల్లాస్‌లో అమ్ముతామంటే నేను నమ్మను.

రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు కేంద్ర పథకం కింద మూడేళ్లపాటు నిర్వహణ ఖర్చులకు 18 లక్షల దాకా సాయం ఉంది. ఆ డబ్బు ఆఫీసు బల్లలకూ, బోర్డులకూ పోకుండా, దుకాణాలు తిరిగే ఆ ఒక్క మనిషి జీతానికి పోవాలని సంఘాల డైరెక్టర్లను కోరుతున్నాను. దుకాణదారులను అడిగేది ఒక్కటే: ప్యాకెట్ వస్తే బల్ల మీద కనబడే చోట పెట్టండి. కొనేవాళ్లు ఊరి పేరు అడగండి. అడగనిదే ఎవరూ రాయరు.

చివరగా రైతులకు. జీఐ వచ్చింది కదా అని తాండూరు కంది పేరు ఎవరైనా వాడుకోవచ్చనుకోకండి. చట్టం ప్రకారం ఆ పేరుతో అమ్ముకోవాలంటే ప్రతి రైతూ అధీకృత వినియోగదారుగా తన పేరు నమోదు చేయించుకోవాలి. అది చేస్తేనే ఇంకొకరు ఆ పేరును దొంగిలించినప్పుడు అడిగే హక్కుంటుంది. ఒకప్పుడు దానికి రుసుము 500 రూపాయలు. 2020లో నిబంధనలు సవరించి పది రూపాయలు చేశారు. వచ్చే పంట యార్డుకు చేరేలోపు ఆ ఫారం నింపి ఇవ్వండి.